సముద్రము లేని సీమపై ఆటుపోట్లు

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టసీమకు సముద్రముతో చుట్టరికము లేదు. ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్రాళ్ళ గుట్టలు, తొలకరికై మొగము వాచిన ఎఱ్ఱచెలకలు, ఆముదపు చేలు, కట్టల మాటున కాసింత తడిని దాచుకొను కుంటలు, దక్షిణమున నల్లమలను ఒరసికొని పారు కృష్ణమ్మ, ఇదియే ఇచ్చటి ప్రకృతి. సముద్రపు ఆటుపోట్లను కన్నులార చూడదలచిన పాలమూరు రైతు బందరుకో, బాపట్ల చేరువనున్న సూర్యలంకకో ప్రయాణము కట్టవలసినదే. ఐనను ఈ సీమవాసుల తలలపై దినదినము తప్పక లేచి పడు ఆటుపోట్లు కలవు. అవి నీటివి కావు, గాలివి. బందరు రేవున నీరు మనిషి నిలువుకు మించి లేవదు గాని, షాద్‌నగరమునకు సరిగా పైన 400 కిలోమీటర్ల యెత్తున నుండు గాలి, తెల్లవారుజాముకంటె మధ్యాహ్నము రెండు గంటల వేళ సుమారు రెండింతలు చిక్కనై, రాత్రికి మరల పలుచనై, మరునాటి వేకువకు తన కనిష్ఠస్థితిని చేరుకొనును. దీనిని కన్ను చూడలేదు, చర్మము ఎరుగదు. దీని ఉనికిని మనకు మొదట తెలిపినవి కృత్రిమోపగ్రహములు.

ఐతే గాలికి ఆటుపోట్లు కలవన్న సంగతి ఉపగ్రహములకంటె చాల పాతది. దాని మొదటి అంచు నేలమీదనే దొరకును. కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో గోడకు బిగించియుండు ఫోర్టిన్ భారమితిని, బంగాళాఖాతమున వాయుగుండము లేని ఒక నిర్మలమైన దినమున, గంటగంటకు ఓపికతో చూచినవారికి ఒక విశేషము కనబడును. ఉదయము పది గంటలకు పాదరసము తన ఉచ్చస్థితిలో నుండును. అచ్చటినుండి మెల్లగా దిగి సాయంకాలము నాలుగింటికి అడుగంటును. మరల లేచి రాత్రి పదింటికి రెండవ శిఖరమును, తెల్లవారుజామున నాలుగింటికి రెండవ లోయను చూపును. పగటి శిఖరమునకును సాయంకాలపు లోయకును నడుమ భేదము 3, 4 మిల్లీబార్లు. అనగా పాదరసపు మట్టము 2 నుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. వెర్నియరు స్కేలును పాదరసపు నెత్తికి సరిగా ఆనించి, కన్నును దానికి సమముగా ఉంచి చదివిననే గాని ఇది పట్టుపడదు. ఉష్ణమండలమున ఈ లయ ఎంత నిలుకడ గలదనగా, పందొమ్మిదవ శతాబ్దారంభమున దక్షిణ అమెరికాలో సంచరించిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ దీనిని ప్రత్యేకముగా గుర్తించి శ్రద్ధతో నమోదు చేసెను. మన తీరమున ఈ లయ చెదరినచో తుపాను దాపున నున్నదని వాతావరణ పరిశీలకులు పూర్వమే గ్రహించిరి.

నీటి పోటునకు చంద్రుడు ప్రధానకారణము. కావున గాలి పోటునకును అతడే కారణమని తలచుట సహజము. ఆ తలపు నిలువదు. చంద్రుని ఆకర్షణ గాలిలోను ఒక అలను లేపుట నిజమే గాని, అది ఉష్ణమండలమునందు సైతము మిల్లీబారులో పదవ వంతునకు మించదు. ఏండ్లకొలది సేకరించిన కొలతలనుండి గణితముచే వడకట్టిననే గాని బయటపడదు. మనము భారమితిలో చూచు పెద్ద కదలిక సూర్యునిది. అదియును అతని ఆకర్షణచే గాక అతని వేడిచే కలుగునది. ఇచ్చట ఒక చిక్కుముడి పందొమ్మిదవ శతాబ్దపు పండితులను పీడించెను. సూర్యుడు దినమునకు ఒకమారే ఉదయించి ఒకమారే అస్తమించుచుండగా, గాలి ఏల రెండుమారులు లేచి రెండుమారులు పడవలెను? 1882లో విలియం థామ్సన్, అనగా పిమ్మట కెల్విన్ ప్రభువుగా పేరొందిన శాస్త్రజ్ఞుడు, భూమి వాతావరణమంతయు 12 గంటల ఆవృత్తితో అనునాదము చెందుచుండవచ్చునని ఊహించెను. ఆ ఊహ బహుకాలము పండితలోకమును ఆకర్షించినను, రాకెట్లు పై గాలి ఉష్ణోగ్రతలను కొలిచి తెచ్చిన పిమ్మట నిలువలేకపోయెను. నేలపై 12 గంటల అల బలవత్తరముగా కనబడుటకు ముఖ్యకారణము, 30 నుండి 60 కిలోమీటర్ల యెత్తు వరకు విస్తరించిన ఓజోను సూర్యుని అతినీలలోహిత కిరణములను పీల్చి వేడెక్కుటయని, క్రింద నీటియావిరి పీల్చు వేడి దానికి తోడగుననియు ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున తేలినది. 24 గంటల అలలో చాలభాగము పుట్టినచోటనే చిక్కుపడి నేల వరకు సరిగా దిగిరాదు. 12 గంటల అల నిడుపైనది గావున ఆ దట్టమైన పొర యంతయు కలిసి దానిని ఒకేమారు త్రోయగలుగును.

ఓజోను నివసించు ఆ యెత్తులు తెలంగాణ ప్రజలకు బొత్తిగా పరాయివి కావు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునుండి శాస్త్ర పరికరములను మోసికొని పోవు పెద్ద బెలూనులు 30, 40 కిలోమీటర్ల యెత్తుకు చేరును. పని ముగిసిన పిమ్మట పరికరముల పెట్టెలు పారాచ్యూటులపై దిగివచ్చి తెలంగాణ జిల్లాలలో ఏ జొన్నచేనిలోనో, ఏ బీటిలోనో వ్రాలును. పెట్టెపై చిరునామాయు ఫోను నంబరును ఉండును. దొరికినవారు దానిని విప్పక, కదపక, దగ్గరి పోలీసు ఠాణాకో తపాలా కార్యాలయమునకో తెలుపవలసినదని పత్రికలలో ప్రకటన వచ్చుచుండును. కనుగొన్నవారికి బహుమానము గూడ కలదు. చేనిగట్టుపై ఆ పెట్టెను చూచి దడిసిన పల్లెవాసికి, అది ఇప్పుడే ఆటుపోట్లు పుట్టు చోటునుండి దిగివచ్చినదని చెప్పువారు ఉండిన ఎంత బాగుండునో యని నాకనిపించును.

ఓజోను పొరను దాటి పైకి పోవుకొలది కథ మారును. నేలవద్ద ఒక ఘన కిలోమీటరు గాలి సుమారు 12 లక్షల టన్నులు తూగును. అదే పరిమాణపు గాలిని 400 కిలోమీటర్ల యెత్తున పట్టి తూచగలిగినచో అది కొన్ని గ్రాములు మాత్రమే; సూర్యుడు ప్రశాంతముగా నున్న సంవత్సరములలో ఒక గ్రామునకును దిగువనే. క్రిందినుండి పైకి ప్రాకు అల తన శక్తిని చాలవరకు నిలుపుకొనుచు పోవును గావున, దానిని మోయు గాలి పలుచనగుకొలది అల యొక్క ఊపు పెరుగవలసినదే; సాంద్రత నూరవ వంతునకు తగ్గినచోట ఊపు పదింతలగును. కనుకనే నేలపై వేయింట మూడు నాలుగు పాళ్ళుగా కనబడు కదలిక, 100 కిలోమీటర్ల యెత్తునకు చేరునప్పటికి సెకనుకు పదులకొలది మీటర్ల వేగముతో దిక్కు మార్చుకొనుచు వీచు గాలియై నిలుచును. ఆపైన గాలి జిగట ఈ అలలను క్రమముగా మ్రింగివేయును. నిడుపైనవి కొన్ని మాత్రము ఇంకను పైకి తప్పించుకొని పోవును.

అచ్చటినుండి సూర్యుడే స్వయముగా రంగమునకు దిగును. నేలను చేరలేని తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణములు 100 కిలోమీటర్లకు పైన నున్న ఆక్సిజన్, నైట్రోజన్ కణములచే పీల్చబడును. ఆ పొరలో ఉష్ణోగ్రత 700 డిగ్రీలనుండి 1500 డిగ్రీల కెల్విన్ వరకు, సూర్యుని మనఃస్థితిని బట్టి, మారుచుండును. కణములు అంత అరుదుగా నున్నచోట ఆ వేడి మన చేతికి తగులునది కాదు. అది కణముల వేగమునకు కొలత మాత్రమే. వేడెక్కిన గాలి ఉబ్బును. ఉబ్బినప్పుడు దిగువనున్న చిక్కని గాలి పైకి లేచి పలుచని గాలి తావును ఆక్రమించును. కాబట్టి ఒకే యెత్తున నిలిచి చూచువానికి పగలు సాంద్రత పెరిగినట్లును, రాత్రి తగ్గినట్లును తోచును. 400 కిలోమీటర్లవద్ద ఈ భేదము సుమారు రెండింతలు. 600 కిలోమీటర్లవద్ద అంతకును హెచ్చు. నేలపై దినమునకు రెండుమారులు కొట్టుకొను లయ అచ్చట ప్రధానముగా ఒకే పెద్ద పోటుగా మారినది. దాని శిఖరము మిట్టమధ్యాహ్నమున గాక రెండు గంటలు గడచినపిమ్మట వచ్చును. దాని లోయ తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతమున.

ఇదంతయు ఎట్లు తెలిసినది? శిశిర్ కుమార్ మిత్రా 1947లో కలకత్తానుండి ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ అను బృహద్గ్రంథమును వెలువరించునప్పటికి, పై గాలిని గూర్చి మానవునికి తెలిసినది చాలవరకు రేడియో తరంగములు చెప్పినదే. 1957 అక్టోబరు 4న తొలి కృత్రిమోపగ్రహము స్పుత్నిక్ లేచెను. ఆ మూడు నెలలలోనే, 1958 జనవరి 4న, అది తిరిగి గాలిలో కూలి భస్మమయ్యెను. దానిని కూల్చినది గాలి రాపిడియే. దాని వెంట పోయిన వస్తువుల కక్ష్యాకాలము దినదినము ఎంత తగ్గుచున్నదో లెక్కించిన ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు, వారిలో ముఖ్యుడైన డెస్మండ్ కింగ్-హీలీ, 200 కిలోమీటర్ల యెత్తున గాలి అంతకుముందు ఊహించినదానికంటె చిక్కనైనదని కనుగొనిరి. రాపిడిచే వస్తువు మెల్లబడునని లోకానుభవము. ఉపగ్రహము విషయమున మాత్రము రాపిడి దానిని క్రిందికి దింపును, క్రిందికి దిగినది భూమి ఆకర్షణచే మరింత వేగముగా తిరుగును, చుట్టుకాలము తగ్గును. ఆ తగ్గుదలయే గాలి యెంత ఉన్నదో చెప్పు లెక్క.

1958 మార్చి 17న అమెరికావారు పంపిన వాన్‌గార్డ్-1 ఈ కథలో నాయకుడు. 16 సెంటీమీటర్లు దాటిన అడ్డుకొలతయు, కిలోన్నర లోపు బరువును గల చిన్న గోళమది. నేటికిని కక్ష్యలోనే ఉన్నది, అన్నిటిలోను వృద్ధోపగ్రహమదియే. దాని కక్ష్య దీర్ఘవృత్తమగుటచే, భూమికి అతిచేరువగా వచ్చు బిందువున, సుమారు 650 కిలోమీటర్ల యెత్తున, మాత్రమే దానికి గాలి తగులుచుండెను. ఆ బిందువు మాసములు గడచుకొలది ఒకప్పుడు పగటివైపు, ఒకప్పుడు రాత్రివైపు జరుగుచుండెను. స్మిత్‌సోనియన్ ఖగోళశాలలో పనిచేయుచుండిన ఇటలీ జాతీయుడు లుయీజీ జాకియా, చుట్టుకాలపు లెక్కలను ముందు పెట్టుకొని కూర్చుండి, ఆ బిందువు ఎండలో నున్నప్పుడు రాపిడి పెరుగుచున్నదనియు, చీకటిలో నున్నప్పుడు తగ్గుచున్నదనియు గ్రహించెను. 1959లో ప్రకటితమైన ఆ గ్రహింపుతో పై గాలి పోటు శాస్త్రమునకు దక్కెను. ఉపగ్రహపు దారులను ఛాయాచిత్రములలో పట్టుటకై ప్రపంచమున పండ్రెండు చోట్ల నెలకొల్పిన బేకర్-నన్ కెమెరాలలో ఒకటి మన నైనితాల్ కొండలపై నుండెను. అటుపిమ్మట గాలి రాపిడికై ప్రత్యేకముగా బెలూను ఉపగ్రహములను పంపిరి. 1961లో ఎగిరిన ఎక్స్‌ప్లోరర్-9, 12 అడుగుల వ్యాసము గల పలుచని గోళము, గాలిని తాకుటకు తప్ప మరొక పనికి పుట్టినది కాదు.

జాకియా పద్ధతిలో ఒక లోపము కలదు. చుట్టుకాలములో మార్పు కనబడుటకు అనేక చుట్లు గడవవలెను. కాబట్టి ఆ లెక్క దినముల సరాసరిని చెప్పును గాని గంటను చెప్పదు. ఈ లోపమును తీర్చినది త్వరణమాపకము. 2000 జులై 15న జర్మనీవారి చాంప్ ఉపగ్రహము రష్యాలోని ప్లెసెట్స్క్ నుండి ఎగిరి, సుమారు 450 కిలోమీటర్ల యెత్తున ఉత్తర దక్షిణ ధ్రువములను దాపుగా చుట్టుచు తిరిగెను. దాని సరిగా గురుత్వకేంద్రమున, ఫ్రెంచివారు తయారుచేసిన పరికరములో, అరచేత ఇమిడెడు చిన్న లోహపు బిళ్ళ విద్యుచ్ఛక్తిచే ఏ గోడను తాకకుండ నిలుపబడి యుండెను. భూమి ఆకర్షణ ఉపగ్రహమును, బిళ్ళను సమానముగానే లాగును. కావున వాని నడుమ భేదము పుట్టదు. కాని గాలి తాకునది ఉపగ్రహపు పైతలమును మాత్రమే. బిళ్ళ లోపల సురక్షితముగా నుండును. దేవరకొండ పోవు ఆర్టీసీ బస్సులో నిలుచున్న ప్రయాణికుడు, డ్రైవరు బ్రేకుపై కాలు మోపగానే ముందుకు తూలునట్లు, ఉపగ్రహము మెల్లగిలిన క్షణమున బిళ్ళ ముందుకు జరుగబోవును. దానిని తిరిగి నడిమికి నెట్టుటకు ఎంత విద్యుచ్ఛక్తి కావలసెనో అదియే గాలి వేసిన బ్రేకు బలము. ఆ బలము కలిగించు త్వరణము, సెకనుకు సెకనుకు మీటరులో కోటవ వంతుకు కొద్దిరెట్లు మాత్రమే. పరికరము దానిలో నూరవ వంతును గూడ పసిగట్టగలిగెను. అందులో సూర్యకాంతి త్రోపును లెక్కించి తీసివేసినచో మిగిలినది గాలి సాంద్రత.

ఇచ్చట కక్ష్య ఎంపిక యొక్క ప్రాముఖ్యమును చెప్పక తీరదు. మన షాద్‌నగరమునందు, నాటి మహబూబునగరము జిల్లాలో, జాతీయ దూరసంవేదన సంస్థ 1979లో భూకేంద్రమును నెలకొల్పినది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆ ఊరు రంగారెడ్డి జిల్లాలో చేరినది. 1988 మార్చి 17న మన మొదటి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహము ఐఆర్‌ఎస్-1ఎ లేచినది మొదలు, భారతదేశపు నేలను చిత్రించు ఉపగ్రహములు పంపు సంకేతములను అచ్చటి పెద్ద యాంటెనాలు దిగంతమునుండి దిగంతము వరకు వెంబడించి పట్టుచున్నవి. చెరువులలో నీరెంత, చెలకలలో పచ్చదనమెంత, కరువు ఏ మండలమున ఎంత, అన్న అంచనాలకు ముడిసరుకు అదియే. కాని ఈ ఉపగ్రహములు ఎప్పుడును ఒకే స్థానిక కాలమున వచ్చును. రిసోర్స్‌శాట్ వంటివి ఉదయము పదిన్నరకు. ప్రతిదినము నీడలు ఒకే తీరున పడవలెను గనుక చిత్రములకు అది మేలు. కాని ఆటుపోట్లకు అది పనికిరాదు. దినమున ఒకే గంటకు రేవుకు వచ్చి పోవువానికి సముద్రము లేచి పడునని తెలియదు గదా! చాంప్ కక్ష్య అట్టిది కాదు. సుమారు 11 దినములకు ఒక గంట చొప్పున దాని కాలము జరుగుచుండెను. ఎక్కు దారియు దిగు దారియు కలుపుకొని నాలుగైదు నెలలలో ఇరువదినాలుగు గంటలను చుట్టివచ్చుచుండెను. 2010 సెప్టెంబరు 19న తానే ఆ గాలిలో కాలిపోవు వరకు అది పదియేండ్లు ఈ పోటును కొలిచెను. 2002లో ఎగిరిన గ్రేస్ జంట, 2013లో ఎగిరిన స్వార్మ్ త్రయము ఆ పనిని కొనసాగించినవి.

ఈ కొలతలలో బయటపడిన ఒక సంగతి నన్ను అన్నిటికంటె ఎక్కువ ఆశ్చర్యపరచినది. సూర్యుని వెంట నడచు పెద్ద పోటును లెక్కనుండి తీసివేసి, మిగిలినదానిని భూమి చుట్టును పరచి చూచినచో, ఉష్ణమండలపు పై గాలిలో నాలుగు శిఖరములు, నాలుగు లోయలు కనబడును. ఇమేజ్ అను ఉపగ్రహము రాత్రివేళ తీసిన చిత్రములలో విద్యుత్కణముల పొరయందు ఈ నాలుగు మొదట 2005, 2006 సంవత్సరములలో గుర్తింపబడినవి. పిమ్మట చాంప్ లెక్కలలోను అవే కనబడినవి. వీనికి కారణము ఎండ కాదు, వాన. అమెజాన్, కాంగో అరణ్యములపై, ఇండోనేషియా దీవులపై మధ్యాహ్నము తరువాత కమ్ముకొని కురియు ఉరుముల మబ్బులలో, నీటియావిరి నీరగునప్పుడు విడుచు గుప్తోష్ణము గాలిని దినదినము ఒకే వేళకు వెచ్చచేయును. నేలయు సముద్రమును మారిమారి వచ్చుటచే ఆ వేడి భూమి చుట్టును ఒక క్రమమున పరచుకొనును. దానినుండి పుట్టిన అల నూరు కిలోమీటర్లకు పైగా ప్రాకి, అచ్చటి విద్యుత్ప్రవాహములను కదిలించి, నాలుగువందల కిలోమీటర్లవద్ద సాంద్రతను కొన్ని శాతములు మార్చును. ఆ వేడి ఎంతటిదో మన లెక్కలో చూడుడు. ఒక ఎకరము చెలకపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో నేలను చేరునది 40 వేల కిలోల నీరు. ఆ నీరు మబ్బులో ఆవిరినుండి పుట్టునప్పుడు విడుదలైన వేడి సుమారు పదివేల కోట్ల జౌళ్ళు. కరెంటు లెక్కలో చెప్పిన 28 వేల యూనిట్లు. మెట్టసీమ ఏడాది వాన కొద్దిదే. ఐనను ఆకాశమును చూచి మొగులు పట్టినదని సంతోషించు రైతునకు, ఆ మొగులులోని వేడి పైకి ఎంతదూరము పోగలదో తెలిసిన, వాన మీది గౌరవము మరింత పెరుగునేమో!

భూమి అయస్కాంతత్వము గూడ ఈ గాలిలో తన ముద్ర వేసినది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణాగ్రము దాపునుండి పోవును. 1963 నవంబరు 21న మొదటి రాకెట్టును తుంబానుండి ఎగురవేయుటకు ఆ చోటిని ఎన్నుకొన్న కారణమదియే. పగటివేళ ఆ రేఖపై గాలి సాంద్రత తగ్గి, రేఖకు ఇరువైపుల సుమారు 25 అయస్కాంత డిగ్రీల దూరమున పెరుగుచున్నదని చాంప్ స్పష్టముగా చూపెను. దీనికి పూర్వరంగమును సిద్ధముచేసినవారిలో అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలకు చెందిన ఆర్. రాఘవరావుగారు అగ్రగణ్యులు. 1981లో ఎగిరిన డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్-2 కొలతలను అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి పరిశీలించి, పై గాలి ఉష్ణోగ్రతయందును, పవనములయందును అయస్కాంత రేఖ ననుసరించి ఇట్టి వైషమ్యము కలదని వారు 1991లో ప్రకటించిరి. నల్లగొండ, మహబూబునగరము సీమ లోయలోను లేదు, శిఖరముపైనను లేదు. రెంటినడుమ వాలున నున్నది. అందుచే ఈ సీమపై గాలి సాంద్రత ఉత్తరమునకు పోవుకొలది పెరుగుట, గంట గంటకు ఆ వాలు మారుట, రెండును ఒకేచోట కలిసి కనబడును.

తెలుగునేలపై ఈ విద్యకు పునాది వాల్తేరున పడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావుగారు విద్యుదావరణ పరిశోధనను నెలకొల్పి శిష్యులను తీర్చిదిద్దిరి. ఉల్కలు మండునప్పుడు మిగులు జాడలపై రేడియో తరంగములను పంపి, 80 నుండి 100 కిలోమీటర్ల యెత్తున గాలులను, వానియందలి ఆటుపోట్లను అచ్చట కొలిచిరి. వాల్తేరును, హైదరాబాదును దాదాపు ఒకే అక్షాంశమున నున్నవి గనుక ఆ కొలతలు మన సీమకును చెల్లును. తిరుపతి చేరువనున్న గాదంకిలో 53 మెగాహెర్ట్జుల పెద్ద రాడారు 1990ల ఆరంభమున సిద్ధమై, నేడు జాతీయ వాతావరణ పరిశోధనశాలగా వెలుగుచున్నది. ఐతే రాడారు చూపు నూరు కిలోమీటర్లకు పైన గాలి సాంద్రతను నేరుగా పట్టలేదు. ఆ పని ఉపగ్రహములదే.

సాంద్రత పెరిగిన వేళ ఏమగునో తెలుగు పల్లెలకు ఒకమారు అనుభవమునకు వచ్చినది. కారణము మాత్రము వారికెవ్వరును చెప్పలేదు. 1973 మే 14న అమెరికావారు పంపిన అంతరిక్షకేంద్రము స్కైలాబ్, సుమారు 435 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, 1980ల ఆరంభము వరకు నిలుచునని తలపబడినది. కాని సూర్యుడు పదకొండేండ్ల చక్రములో అనుకొన్నదానికంటె ఉగ్రుడయ్యెను, పై గాలి ఉబ్బెను, రాపిడి పెరిగెను, 1979 జులై 11న ఆ కట్టడము హిందూమహాసముద్రముపై కూలి, దాని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియా తీరమున పడెను. ఆ జూన్, జులై మాసములలో తెలంగాణ పల్లెలను పట్టిన భయమును పెద్దలు నేటికిని చెప్పుకొందురు. లోకమే మునుగుచున్నదని తలచి, కోళ్ళను మేకలను కోసికొని తిన్నవారు, దాచినదంతయు ఖర్చు చేసినవారు, దూరముననున్న బిడ్డలను పిలిపించుకొన్నవారు కలరు. 2021లో ఈ భయమునే వస్తువుగా గ్రహించి ‘స్కైలాబ్’ పేర తెలుగు చలనచిత్రము వెలువడినది. షాద్‌నగరమున భూకేంద్రము నెలకొన్నదియు ఆ 1979లోనే. ఆనాడు గ్రామమున ఒక్క బడిపంతులైనను, పై గాలి ఉబ్బినందున అది దిగుచున్నదని, భూమిలో అధికభాగము సముద్రమే గనుక మన ఇంటిపై పడు అవకాశము అత్యల్పమని వివరించగలిగిన, ఎన్ని మేకలు బ్రతికియుండునో! అజ్ఞానము ఆ పల్లెలది కాదు. తెలిసినవారు వారి భాషలో చెప్పకపోవుటయే దోషము.

మన మొదటి ఉపగ్రహము ఆర్యభటను 1975 ఏప్రిల్ 19న సుమారు 600 కిలోమీటర్ల కక్ష్యకు పంపగా, అది 1992 ఫిబ్రవరిలో గాలిచే క్రిందికి లాగబడి భస్మమైనది. ఇటీవలి ఉదాహరణము కార్టోశాట్-2. 680 కిలోల ఆ ఉపగ్రహము 2007 జనవరి 10న 635 కిలోమీటర్ల కక్ష్యకు చేరి, పట్టణములను, పొలములను సూక్ష్మముగా చిత్రించెను. తానై దిగిపోవుటకు దానికి సుమారు 30 సంవత్సరములు పట్టును గనుక, ఇస్రోవారు మిగిలిన ఇంధనముతో 2020 ఆరంభమున దానిని 380 కిలోమీటర్ల వరకు దింపి, అటుపిమ్మట గాలికి అప్పగించిరి. గాలి తన పనిని నాలుగేండ్లలో ముగించినది. 2024 ఫిబ్రవరి 14న మధ్యాహ్నము 3 గంటల 48 నిమిషములకు అది హిందూమహాసముద్రముపై కాలిపోయెను. ఇదే గాలి కొత్తవారిపట్ల నిర్దయగా ప్రవర్తించిన సందర్భమును కలదు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ సంస్థ ఫ్లోరిడానుండి 49 ఉపగ్రహములను 210 కిలోమీటర్ల యెత్తుకు పంపగా, అప్పుడే తగిలిన ఒక సాధారణమైన అయస్కాంత తుపానుచే రాపిడి అంతకుముందటి ప్రయోగములకంటె 50 శాతము వరకు పెరిగి, దాదాపు నలుబది ఉపగ్రహములు కక్ష్యను చేరకయే కూలిపోయినవి.

ఇట్టి పతనములను ముందుగా చెప్పుట నేటికిని కష్టము. జాకియా 1970ల ఆరంభమున రచించిన నమూనాయు, పిమ్మట ఉపగ్రహ కొలతలతో మెరుగుపడిన నమూనాలును దినచర్యను, ఋతువులను, సూర్యుని 27 దినముల భ్రమణమును, ఏప్రిల్, అక్టోబరులలో సాంద్రత హెచ్చు, జులై, జనవరులలో తగ్గు అర్ధవార్షిక లయను చాలవరకు పట్టినవి. కాని సూర్యుడు రేపు ఏమి చేయునో, క్రిందినుండి వానల వేడి ఎంత అలను పంపునో వానికి ముందుగా తెలియదు. అందుచే ఒక వస్తువు ఇంకను ఒక దినమునకు కూలునని చెప్పునప్పుడు గంటలలో పొరపాటు తప్పదు. ఒక గంటలో అది 27 వేల కిలోమీటర్లు పోవును, అనగా శ్రీశైలముపై పడునని చెప్పినది బ్రెజిల్ పై పడవచ్చును. ఈ పొరపాటును తగ్గించుటకు మార్గమొక్కటే: దినమున అన్ని గంటలలోను, అయస్కాంత రేఖకు దాపున నున్న దేశములపై ఎడతెగక కొలుచుచుండవలెను. భూమధ్యరేఖను దాపుగా చుట్టునది ఒకటి, ధ్రువములపై పోవునది ఒకటి, ఇట్లు జంట ఉపగ్రహములను పై గాలి పరిశోధనకే ప్రత్యేకించి పంపవలెనని దిశ అను పేర ఇస్రోలో ఒక ప్రతిపాదన కలదు. అందులో మొదటిది కక్ష్యకు చేరిననాడు, వేకువ నాలుగింటికొకమారు, మధ్యాహ్నము రెండింటికొకమారు, నడిరేయి మరొకమారు, పాలమూరు చెలకలపైనుండి పోవుచు ఆ గాలి యెంత ఉన్నదో చెప్పగలదు.